మైదానమా, తెరయా? – క్రీడాప్రేక్షకుని స్థానం

షాయరు లేనిదే ముషాయిరా లేదు. సభికులు లేకపోయినా లేదు. ఈ సంగతి మన ఉర్దూ విద్యార్థులకు వేరుగా చెప్పనక్కర లేదు. షాయరు ఒక పాదం చదివి ఆగుతాడు. సభ దానిని అందుకొని తిరిగి పలుకుతుంది. నచ్చినచోట ‘వాహ్ వాహ్’ అంటుంది. ‘ముకర్రర్’ అని కోరి మళ్ళీ చదివించుకొంటుంది. రెండవ పాదం ఎప్పుడు వెలువడవలెనో ఒక విధంగా నిర్ణయించేది ఆ సభయే. తెలుగువారి అవధానంలో పృచ్ఛకులు ఇంకొక మెట్టు ముందుకు పోయి, మధ్యలో అడ్డు తగిలి, అప్రస్తుత ప్రసంగం చేసి, అవధాని ధారణాశక్తికి పరీక్ష పెడతారు. ఈ రెండు సంప్రదాయాలలోను వినేవాడు కేవలం వినేవాడు కాడు, సభానిర్వహణలో భాగస్వామి.

క్రీడారంగంలో కూడ ప్రేక్షకునికి ఇట్టి స్థానమే చిరకాలంగా ఉన్నది. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించిన సి.కె. నాయుడు 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. జట్టుపై పదకొండు సిక్సర్లతో 153 పరుగులు చేసినప్పుడు, చుట్టుపట్ల చెట్ల మీద, మేడల మీద కూడ జనం ఎక్కి చూచారట. చూడవలెనంటే ఆనాడు పోవలసిందే. తరువాత రేడియో వచ్చింది. భారత జట్టుకు 1936లో నాయకత్వం వహించిన విజయనగరం మహరాజకుమార్, ‘విజ్జీ’ అని ప్రసిద్ధుడైన విజయానంద గజపతిరాజు, ఆట మానిన పిదప రేడియో వ్యాఖ్యాత అయినాడు. రేడియో వెంట టెలివిజన్, దాని వెంట చేతిలోని ఫోనులో అంతర్జాల ప్రత్యక్ష ప్రసారం – వాడుకలో ‘స్ట్రీమింగ్’ – వచ్చాయి. పోకుండనే చూచే వీలు కలిగిన ఈ రోజులలో, పోయి చూచినవాడికి దక్కేదేమి? ఇంట కూర్చున్నవాడికి దక్కేదేమి? పోకపోవడంవలన నష్టపోయేది ఎవరు? మొదటి రెండు ప్రశ్నలను అందరూ అడుగుతారు. మూడవదానిని అడిగేవారు తక్కువ.

ఈ విషయాన్ని పరిశీలించడానికి విశాఖపట్నం కంటె తగిన ఊరు అరుదు. ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో 1988 డిసెంబరు 10న న్యూజిలాండుతో ఒకరోజు పోటీ జరిగింది. బ్యాటుతో పేరు పొందిన శ్రీకాంత్ ఆనాడు బంతితో అయిదు వికెట్లు తీసికొన్నాడు. 1996 ప్రపంచకప్పులో అక్కడనే కెన్యాపై మార్క్ వా 130 పరుగులు చేశాడు. ఆ తరువాత పోతినమల్లయ్యపాలెంలో, జాతీయ రహదారి ప్రక్కన, కొండల నేపథ్యంలో కొత్త స్టేడియం లేచింది. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్‌పై ధోనీ 123 బంతులలో 148 పరుగులు చేసినది ఇక్కడనే. అప్పటికి అతడు ఎక్కువమందికి తెలియనివాడు. ఆ ఒక్కరోజుతో దేశమంతటికీ తెలిసినవాడైనాడు.

గ్యాలరీలో కూర్చున్నవాడికి బంతి సరిగా కనబడదన్న మాట నిజమే. 2024 ఫిబ్రవరి 3న ఇదే స్టేడియంలో బుమ్రా వేసిన యార్కరు ఇంగ్లండు ఆటగాడు ఓలీ పోప్ వికెట్లను కూల్చివేసింది. ప్రక్కవాటు గ్యాలరీలోనివారికి కనబడినది వికెట్లు ఎగరడం. బంతి చివరి క్షణంలో లోనికి వంగిన తీరు కాదు. ఆ వంపును చూడవలెనంటే బౌలరు వెనుక తిన్నని వరుసలో కూర్చోవలె, లేదా తెర ముందు కూర్చోవలె. కెమెరా ఎల్లప్పుడు ఆ వరుసలోనే ఉంటుంది. నెమ్మదిగా నాలుగుసార్లు తిప్పి కూడ చూపుతుంది. ఈ విషయంలో తెరదే పైచేయి అని ఒప్పుకొనక తప్పదు.

అయితే కెమెరా బంతి వెంట పోతుంది. ఆట బంతిలోనే ఉండదు. వికెట్ కీపరు ఎన్ని గజాలు వెనుకకు పోయి నిలబడ్డాడో చూస్తే బౌలరు వేగం తెలుస్తుంది. ఓవరుకు ఓవరుకు నడుమ నాయకుడు ఒక ఫీల్డరును పది అడుగులు జరిపితే, తరువాతి బంతి ఎక్కడ పడనున్నదో అనుభవజ్ఞుడైన ప్రేక్షకుడు ఊహించగలడు. బంతి తన వైపు రాని ఫీల్డరు ఏమి చేస్తున్నాడు, ఏ బౌలరు మూలన చేయి తిప్పుకొంటున్నాడు, బ్యాటరు ఎవరి వైపు మాటిమాటికి చూస్తున్నాడు – ఇవన్నీ మైదానంలో ఏకకాలంలో కన్నుల ముందు ఉంటాయి. తెరపై ఆ వేళకు ఒక సిమెంటు ప్రకటన నడుస్తూ ఉంటుంది. ఎటు చూడవలెనో నిర్ణయించుకొనే అధికారం మైదానంలో మనది, తెర ముందు మరొకరిది. నా దృష్టిలో ఈ రెంటికి గల ప్రధానభేదం ఇదే.

రెండవ భేదం కాలానికి సంబంధించినది. ‘ప్రత్యక్ష’ ప్రసారమన్న మాటలోని ‘ప్రత్యక్షం’ పూర్తిగా నిజం కాదు. కెమెరా పట్టిన దృశ్యం మొదట స్టేడియం బయట నిలిచిన ప్రసార వాహనానికి చేరుతుంది. అక్కడినుండి ఉపగ్రహం ద్వారా పోతే, భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తుకు పోయి దిగిరావడానికి పట్టేది పావు సెకను మాత్రమే. అసలు ఆలస్యం ఆ తరువాత మొదలవుతుంది. దృశ్యాన్ని కుదించి, పెద్ద తెరకు ఒక విధంగా, బలహీనమైన సిగ్నలు గల ఫోనుకు మరొక విధంగా పలు నాణ్యతలలో తయారు చేసి, కొన్నేసి సెకన్ల తునకలుగా కోసి, వేరువేరు ఊళ్ళలోని సర్వర్లకు పంపుతారు. ఫోను కూడ మధ్యలో ఆగిపోకుండ రెండు మూడు తునకలను ముందుగా కూడబెట్టుకొని, అప్పుడు చూపడం ఆరంభిస్తుంది. ఇవన్నీ కలిసి ఇరవై ముప్పై సెకన్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడ అవుతాయి. శబ్దమో, సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. స్టేడియానికి కిలోమీటరు దూరాన ఉన్న ఇంటికి జనఘోష మూడు సెకన్లలో చేరుతుంది. కనుక మ్యాచి రోజున ఆ పరిసరాల ఇండ్లలో ఒక విచిత్రం: వికెట్టు పడినట్లు కిటికీ ముందుగా చెబుతుంది, ఫోను తరువాత చెబుతుంది. 2018 అక్టోబరు 24న వెస్టిండీసుతో జరిగిన పోటీలో, చివరి బంతికి అయిదు పరుగులు కావలసి ఉండగా షై హోప్ నాలుగు కొట్టి 321 వద్ద పోటీని సమం చేసినప్పుడు, మైదానంలోనివారికి ఫలితం తెలిసిపోయిన తరువాత కూడ ఫోను చూచేవారు కొంతసేపు ఉత్కంఠతోనే ఉండి ఉంటారు!

ఇంత చెప్పినంతమాత్రాన తెరను తక్కువ చేయరాదు. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్ మైదానంలో గాజువాక కుర్రవాడు నితీశ్‌కుమార్ రెడ్డి టెస్టులలో తన తొలి శతకం చేశాడు. అతడు 99 పరుగుల వద్ద ఉండగా తొమ్మిదవ వికెట్టు పడింది. హైదరాబాదువాడైన సిరాజ్ వచ్చి కమిన్స్ బంతులు మూడింటిని కాచుకొన్నాడు. తరువాతి ఓవరులో నితీశ్ బంతిని బౌండరీ దాటించాడు. ఆ క్షణాన గ్యాలరీలో కన్నీళ్ళు పెట్టుకొన్న తండ్రి ముఖాన్ని కెమెరా పట్టి చూపింది. కుమారుని ఆటకోసం హిందుస్తాన్ జింకులో ఉద్యోగం వదులుకొన్న తండ్రి ఆయన. ఆ మైదానంలో వేలాదిమంది నడుమ కూర్చున్నవాడికి ఆయన జనంలో ఒక చుక్క. గాజువాకలో మంచం మీద కూర్చున్నవాడికి ఆయన పొరుగింటి మనిషి. విశాఖనుండి మెల్‌బోర్న్ పోగలిగినవారు ఎందరు? దూరస్థులకు, వృద్ధులకు, రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన ఉక్కు కర్మాగార కార్మికులకు ఆటను అందించింది తెరయే. పైగా 2018 డిసెంబరులో ఆరంభమైన స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానలు తరువాత వ్యాఖ్యానం కూడ మన భాషలోనే వినబడుతున్నది.

ఇక మూడవ ప్రశ్న: నష్టపోయేది ఎవరు? పెద్ద క్రికెట్టులో ఎవరూ లేరు. ఐ.పి.ఎల్. ప్రసారహక్కులు 2023 నుండి 2027 వరకు అయిదు సంవత్సరాలకు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయినవి. అంటే ఒక్కొక్క మ్యాచికి సుమారు 118 కోట్లు. పాతికవేలమంది పట్టే స్టేడియంలో ప్రతి ఒక్కరు రెండువేల రూపాయలు పెట్టి టిక్కెట్టు కొన్నారని లెక్కవేసినా వచ్చేది అయిదు కోట్లు. ఆదాయపు పద్దులో ప్రేక్షకుడు ఒక చిన్న గీత మాత్రమే. కాని అతడు లేక జరగదన్న సంగతి 2020లో తెలిసింది. కరోనా కారణంగా ఐ.పి.ఎల్. ఎమిరేట్స్‌లో ఖాళీ గ్యాలరీల నడుమ జరిగినప్పుడు, ప్రసారకర్తలు రికార్డు చేసిన జనఘోషను అతికించి వినిపించవలసి వచ్చింది. డబ్బుకోసం కాకపోయినా దృశ్యంకోసం అతడు కావలె! కొనుగోలుదారుగా వచ్చినవాడు అలంకారంగా మారినాడు. ఇది నవ్వుకొనదగిన విషయమే కాని, ఇందువలన ఎవరి పొయ్యీ ఆరిపోలేదు.

చిన్న క్రీడల సంగతి అది కాదు. అమెరికాలో మట్టి బాటలపై ‘స్ప్రింట్ కార్’ పందేలు జరుగుతాయి. బండి బరువు డ్రైవరుతో కలిపి సుమారు 635 కిలోలు. ఇంజను శక్తి దాదాపు 900 అశ్వబలం. పైన విమానపు రెక్క వంటి పెద్ద రేకు. దానికదిగా స్టార్టు కాదు. వెనుకనుండి మరొక వాహనం నెట్టవలసిందే. బాట అరమైలు, కొన్నిచోట్ల అంతకంటె తక్కువ. కనుక ఏ బల్ల మీద కూర్చున్నా బాట మొత్తం కనబడుతుంది. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఇ పందెం ఇందుకు భిన్నం. బాట 2.8 కిలోమీటర్లు కావడంవలన గ్యాలరీలోనివాడికి తన ముందున్న మలుపు తప్ప కనబడలేదు. పందెమంతా చూచినవాడు తెర ముందున్నవాడే. మట్టిబాట వద్ద మాత్రం ప్రేక్షకునికి పందెం సంపూర్ణంగా దక్కుతుంది. దానితోపాటు మలుపులో చిమ్మిన మట్టిపెళ్ళలు, మిథనాల్ వాసన, గుండెలో మ్రోగే ధ్వని దక్కుతాయి. ఇవి ఏ ఫోనులోను రావు.

ఆ మట్టిబాటల యజమానులలో చాలమంది చిన్నవారు. గెలిచినవారికిచ్చే బహుమతి సొమ్ము, దీపాల ఖర్చు, నీళ్ళు చల్లే ట్రాక్టరు ఖర్చు – ఎక్కువభాగం గేటు వద్ద టిక్కెట్లనుండి, లోపల తినుబండారాల అంగళ్ళనుండి రావలసిందే. 2020 మే 8న అయోవా రాష్ట్రంలోని నాక్స్‌విల్ బాటపై ‘వరల్డ్ ఆఫ్ అవుట్‌లాస్’ వారి పందెం ప్రేక్షకులు లేకుండ, రుసుము చెల్లించినవారికి స్ట్రీమింగ్ ద్వారా మాత్రమే చూపుతూ జరిగింది. ఆ విపత్తులో క్రీడను బ్రతికించినది తెరయే. కాని విపత్తు పోయినా అలవాటు నిలుస్తుంది. ఆకాశాన ఒక మబ్బు కనబడితే చాలు, వంద మైళ్ళ దూరాననున్నవాడు కారు తీయడం మాని ఫోను తీస్తాడు. ప్రసారంవలన పెద్ద పోటీలకు కొత్త ఆదాయం వస్తుంది; దాని ప్రక్కనే అదే రాత్రి మరొక పల్లెలో జరిగే అనామక పందెపు గేటు ఖాళీ అవుతుంది. ఇంగ్లండువారు దీనిని చాల కాలం క్రిందనే గుర్తించారు. శనివారం మధ్యాహ్నం 2.45 నుండి 5.15 వరకు అక్కడి టెలివిజన్‌లో ఫుట్‌బాల్ ప్రత్యక్షప్రసారం నిషిద్ధం. పెద్ద జట్ల ఆట ఇంటికి వస్తే చిన్న ఊళ్ళ క్లబ్బుల గ్యాలరీలు ఖాళీ అవుతాయన్నదే కారణం.

మన రాష్ట్రపు ఎడ్ల బండలాగుడు పోటీల వద్ద వ్యవహారం మరొక విధం. (జంతుహింసను గూర్చిన వాదం వేరు, దానినిక్కడ స్పృశించను.) సంక్రాంతికి, శివరాత్రికి కోస్తా, రాయలసీమ జిల్లాలలో ఒంగోలు జాతి గిత్తలను రెండుపళ్ళు, నాలుగుపళ్ళు, ఆరుపళ్ళు అని వయసునుబట్టి విభజించి, నిర్ణీత సమయంలో ఏ జత బండను ఎన్ని అడుగుల దూరం లాగిందో కొలుస్తారు. సాధారణంగా టిక్కెట్టు లేదు, బహుమతులు దాతలవి. గంటల తరబడి యూట్యూబులో ప్రసారమైనా గేటుకు నష్టం లేదు, గేటే లేదు గనుక. పైగా దూరపు జిల్లాలోని రైతు ఒక మంచి జతను ఫోనులో చూచి, మరుసటి పోటీకి తానే బయలుదేరి వస్తాడు. ఇక్కడ తెర జనాన్ని ఆపడం లేదు, పిలుస్తున్నది.

కనుక మైదానమా తెరయా అన్న ప్రశ్నకు అన్ని ఆటలకు వర్తించే ఒక్క జవాబు లేదు. గేటు మీద ఎవరు బ్రతుకుతున్నారు, కూర్చున్న చోటునుండి ఎంత కనబడుతుంది – ఈ రెండూ చూచి చెప్పవలసిందే.

మన ఊరిలోనే మరొక ఉదాహరణ ఉన్నది. నితీశ్‌కుమార్ రెడ్డి, 2023–24 రంజీ పోటీలలో 902 పరుగులతో దేశంలోనే అగ్రస్థానాన నిలిచిన రికీ భుయి – ఇరువురూ విశాఖలో ఆట నేర్చినవారే. ఆంధ్రజట్టు రంజీ మ్యాచిలు కొన్ని పోతినమల్లయ్యపాలెంలోనే జరుగుతాయి. భారత జట్టు వచ్చిన రోజున టిక్కెట్టుకు తొక్కిసలాడే జనం, ఆ నాలుగు రోజులు అటు తొంగి చూడరు. నీడ ఉన్న చోటు ఎంచుకొని కూర్చోవచ్చును. కీపరు పిలుపు, స్లిప్పులో మాటలు, బ్యాటు అంచుకు బంతి తగిలిన చప్పుడు స్పష్టంగా వినబడతాయి. ప్రతి విడతలోను రంజీ మ్యాచిలలో కొన్నింటికి మాత్రమే ప్రత్యక్షప్రసారం ఉంటుంది. మిగిలినవానికి ఫోనులో వచ్చేది అంకెల పట్టిక మాత్రమే. ఆట ఉదయం తొమ్మిదిన్నరకు మొదలవుతుంది.