నోటరీ కాగితంతో ఇల్లు వస్తుందా?

మా బావ భద్రాచలంలో ఇల్లు చూశాడు. వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి, "రేటు తక్కువే. రిజిస్ట్రేషన్ ఉండదంట, నోటరీ చేసిస్తారంట. పదిలక్షలు అడ్వాన్స్ ఇచ్చేయమంటావా?" అన్నాడు.

ఆగు బావా అన్నాను.

మాది బోనకల్. మా దగ్గర ఇల్లు కొనాలంటే ఈసీ తీసి, లింకు డాక్యుమెంట్లు చూసుకుని, రిజిస్ట్రేషన్ చేయించుకుంటాం. భద్రాచలం ఏజెన్సీ. అక్కడ 1/70 చట్టం ఉంది. 1970 ఫిబ్రవరి 3 నుంచి అక్కడి స్థిరాస్తిని గిరిజనులకో, వాళ్ల సహకార సంఘాలకో తప్ప అమ్మకూడదు. అమ్మేవాళ్లూ గిరిజనేతరులే అయినా సరే, ఆ అమ్మకం చెల్లదు.

మరి నోటరీ? అది సంతకానికి సాక్ష్యం, ఇంటికి హక్కు కాదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 100 రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావాల్సిందే. పైగా నోటరీ అమ్మకాలు ఈసీలో కనిపించవు. అదే ఇంటిని నిన్న ఇంకొకరికి అమ్మేసినా మనకు తెలిసే దారి లేదు.

"అక్కడ అంతమంది ఉంటున్నారు కదరా!" అన్నాడు బావ.

ఉంటున్నారు. కానీ ఎల్‌టీఆర్ కేసు పడితే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ఖాళీ చేయించొచ్చు. అప్పుడు ఆ పదిలక్షలు ఎవర్ని అడగాలి?

బావకు చట్టం మీద కోపమొచ్చింది. నాకు రాలేదు. అప్పుల కింద గిరిజనుల భూములు పోతుంటే తెచ్చిన చట్టం అది.

ఇప్పుడు ఖమ్మంలో చూస్తున్నాడు. రేట్లు విన్నప్పుడల్లా నాకే ఫోన్ చేసి తిడుతున్నాడు.