కాయ పగులు కాలమున ప్రత్తిచేలలో తెల్లదోమ

కార్తికము దాటి మంచు పడుట మొదలైన పిమ్మట ప్రత్తిచేలలో క్రింది కాయలు పగులుచుండగా పై కొమ్మలు ఇంకను పూయుచునే యుండును. సత్తెనపల్లి పరిసరముల నల్లరేగడి భూములలో తెల్లదోమ విరివిగా కనబడునది ఈ దినములలోనే. వానలు వెనుకబట్టి పొడి వాతావరణము ఏర్పడినచో దాని వృద్ధికి అడ్డు లేదు. చేనిలో కాలు పెట్టినంతనే ఆకుల క్రిందినుండి పిండి చల్లినట్లు లేచి మరల ఆకుల క్రిందనే వ్రాలును. దీనిని చూచిన రైతు గుండె బేజారై ఆ సాయంకాలమే మందుల దుకాణమునకు పోవుట మేము ప్రతి సంవత్సరము చూచుచున్నాము. పోకముందు చేయవలసిన లెక్క యొకటి కలదు. ఆ లెక్కను సంఘసభ్యులకు తెలుపుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పేరునకు దోమయే గాని ఇది మనుష్యులను కుట్టు దోమజాతిలోనిది కాదు. పేనుబంకకును పచ్చదోమకును చుట్టము. 1889వ సంవత్సరమున గ్రీసు దేశములో పొగాకు మొక్కలపై దీనిని గుర్తించి, శాస్త్రజ్ఞులు పొగాకు పేరు చేర్చియే దీనికి నామకరణము చేసిరి. పెద్దపురుగు పొడవు ఒక మిల్లీమీటరు మాత్రమే. తల్లిపురుగు లేత ఆకుల అడుగుభాగమున గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల కొంతసేపు మాత్రము ప్రాకి, అనువైన చోట ముక్కు గ్రుచ్చి, ఆ పిమ్మట రెక్కలు వచ్చువరకు అచ్చటనే పొలుసువలె అంటుకొని రసము పీల్చును. ఎండ గల దినములలో గ్రుడ్డు మొదలు రెక్కల పురుగు వరకు సుమారు 3 వారములు పట్టును. చలిలో ఇంకను ఎక్కువ. కావున పై ఆకులపై ఎగురు పురుగులు, గ్రుడ్లును, నడిమి ఆకులు, క్రింది ఆకులపై పిల్లలును ఏకకాలమున ఉండును. ఎగురుదానిని చంపినంత మాత్రమున కార్యము ముగియదు.

ఇది చేయు నష్టము రెండు విధములు. రసము పీల్చుటచే ఆకు పాలిపోయి రాలుట అందరు ఎరిగినదే. కాయ పగులు కాలమున రెండవ నష్టము దీనికంటె పెద్దది. పురుగు విసర్జించు తేనెబంక పగిలిన కాయలోని దూదిపై పడును. దానిపై మసివలె నల్లని బూజు పెరుగును. ఇట్టి దూది మిల్లులో రోలర్లకు అంటుకొని దారము తెగును. కావున కొనువాడు తరుగు తీయును, లేదా వలదనును. ఆరు నెలలు కష్టించి కాయించిన పంట ఇంటికి రాబోవు వారమునందు చెడుట యనగా ఇదియే.

"అయ్యా, మందు కొట్టినకొలది దోమ హెచ్చుచున్నదేమి?" అని పలువురు మమ్ము అడుగుదురు. దీనికి సమాధానము మన ప్రాంతపు చరిత్రలోనే ఉన్నది. 1980వ దశకపు తొలి సంవత్సరములలో సైపర్‌మెత్రిన్, ఫెన్వలరేట్ మొదలగు పైరిత్రాయిడ్ మందులు మన చేలలోనికి వచ్చినవి. కాయతొలుచు పురుగును మొదట బాగుగా అణచుటచే రైతులు వానిని మితిమీరి వాడిరి. 1984 మొదలు 1987 వరకు గుంటూరు, ప్రకాశం జిల్లాలలో తెల్లదోమ మునుపెన్నడు ఎరుగనంతగా చెలరేగెను. ఆ మందులు ఆకు అడుగున దాగిన దోమను తగినంతగా తాకక, దానిని తినుచుండిన అక్షింతల పురుగులను, అల్లిక రెక్కల పురుగులను, సాలెపురుగులను, కందిరీగ జాతి సన్నపురుగులను మాత్రము హతమార్చెను. చాలీచాలని మోతాదు తగిలిన దోమ మునుపటికంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టుననియు పరిశోధనలలో తేలినది. 1987–88లో శనగపచ్చ పురుగు సయితము ఆ మందులకు లొంగక పంటను తినివేసెను. మందుల అప్పులు తీర్చలేక ఈ రెండు జిల్లాలలో ఎందరో ప్రత్తి రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఇండ్లు నేటికిని మన మధ్యనే ఉన్నవి గనుక దీనిని గూర్చి విస్తరించి వ్రాయము. పంజాబులో 2015లో ఇదే దోమ ప్రత్తిని నాశనము చేసినది. అప్పటికి అచ్చట వేసినది బీటీ ప్రత్తియే. బీటీ గుణము కాయతొలుచు పురుగులకు మాత్రమే. దోమకు దానితో నిమిత్తము లేదు.

ఇక లెక్క. పువ్వు విచ్చిన దినమునుండి కాయ పగులుటకు సుమారు 50 దినములు పట్టును. చలికాలమున ఇంకను కొన్ని దినములు ఎక్కువ. జనవరి మొదట పూచిన పువ్వు ఫిబ్రవరి మూడవ వారమునకు గాని చేతికి రాదు. అప్పటికి నేలలో పదును ఉండునా? వర్షాధారపు చేనైనచో ఉండదనియే చెప్పవలెను. ఆ పువ్వు రాలును, లేదా గొడ్డుకాయ యగును. చేను నిండుగా పూచియున్నదని దానిని కాపాడుటకు మందు కొట్టుట రాని పంటకు పెట్టుబడి పెట్టుటయే. కాపాడవలసినది పై పూతను కాదు; ఇప్పటికే గట్టిపడిన కాయను, పగిలిన దూదిని. మందు ఖరీదు, కూలి, నీరు తెచ్చు బండి బాడుగ ఒక ప్రక్కను, ఇక రాదగిన ప్రత్తి వేరొక ప్రక్కను వ్రాసికొని చూచిన యెడల చాలమందికి దుకాణమునకు పోవు పని తప్పును.

చేను చూచుటకు ఉదయము 10 గంటల లోపల పోవలెను. ఎండ ఎక్కిన పిమ్మట దోమ చురుకై, లెక్కకు అందదు. ఎకరమునకు ఇరువది మొక్కలను అచ్చటచ్చట ఎన్నుకొని, ఒక్కొక్క దానిలో పైన, నడుమ, క్రింద ఒక్కొక్క ఆకును మెల్లగా త్రిప్పి చూడవలయును. గట్టు ప్రక్క మొక్కలను మాత్రమే చూచి తీర్పు చెప్పరాదు. సగటున ఆకునకు 8 మొదలు 10 వరకు పెద్దపురుగులు గాని, 20 పిల్లపురుగులు గాని ఉన్నప్పుడే మందును గూర్చి ఆలోచింపవలెను. ఒక భూతద్దము దగ్గర ఉన్నచో ఇంకొక సంగతియు తెలియును. విడిచిన పొలుసుపై నిలువుగా, అడ్డముగా చీలిక ఉన్నచో దానినుండి దోమ వెడలినది. గుండ్రని రంధ్రము ఉన్నచో దోమ పిల్లను లోపలనే తిని సన్నపు కందిరీగ వెడలినది. నల్లబడిన పొలుసులు, గుండ్రని రంధ్రములు విస్తారముగా ఉన్న చేనిలో మన పనిని జీతము లేని కూలీలు చేయుచున్నారు. వారిపై మందు కొట్టరాదు.

దోమ హద్దు మీరిన చోట మొదట వేపను వాడవలెను. 5 కిలోల వేపగింజల పప్పును దంచి, రాత్రి నీటిలో నానబెట్టి, గుడ్డతో వడియగట్టి, 100 లీటర్లకు నీరు చేర్చి, కొంచెము సబ్బుపొడి కలిపి సాయంకాలమున కొట్టవలెను. అంత ఓపిక లేనివారు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను, ఒక గ్రాము సబ్బుపొడిని కలుపవచ్చును. ముక్కును వంచి ఆకు అడుగు తడియునట్లు క్రిందినుండి పైకి కొట్టుట ముఖ్యము. పైనుండి చల్లి పోయిన మందు వ్యర్థము. పసుపురంగు పూసిన డబ్బాలకు ఆముదము రాచి పైరు ఎత్తున నిలిపినచో పెద్దపురుగులు కొన్ని అంటుకొనును. అది దోమ రాకను తెలుపు గురుతే గాని సంపూర్ణ నివారణ కాదు. వీనికి లొంగనప్పుడు గ్రామ వ్యవసాయ సహాయకుని అడిగి, డయాఫెన్‌థయురాన్ వంటి దానిని లీటరు నీటికి 1.25 గ్రాముల చొప్పున ఒక్కమారు వాడవచ్చును. పైరిత్రాయిడ్‌ను మాత్రము తాకరాదు. రెండు మూడు మందులను ఒకే డ్రమ్ములో కలిపి కొట్టు అలవాటు మన గ్రామములలో పాతుకొనియున్నది. దానివలన అమ్మువానికి లాభము కలదు, కొట్టువానికి కానరాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఈ దశలో ప్రత్తి మనిషి ఎత్తు పెరిగి సాళ్ళు కలిసిపోయి యుండును. మందు తుంపర ముఖముపైననే పడును. 2017లో మహారాష్ట్రములోని యవత్‌మాల్ జిల్లాలో ప్రత్తికి మందు కొట్టుచు విషము సోకి ఇరువదిమందికి పైగా రైతులు, కూలీలు మరణించిరి. ఆ యేట పైరు మిక్కిలి ఎత్తుగా పెరుగుటయు కారణములలో ఒకటిగా చెప్పబడినది. భుజములు దాటిన చేనిలో కొట్టింపకుండుటయే మేలు. కూలివానికి గుడ్డ, తొడుగులు ఈయనివాడు అతనిని చేనిలోనికి పంపరాదు.

దూదిని కాపాడుటకు అన్నిటికంటె చౌకయైన సాధనము త్వరగా తీయుట. పగిలిన కాయను వారముల తరబడి చెట్టుపై ఉంచినకొలది బంక పేరుకొనును. కూలి కలిసివచ్చునని రెండు తీతలను ఒకటి చేయువారు ఈ విషయమున నష్టపోవుదురు. మంచు ఆరిన పిమ్మట తీసి, బంక పట్టిన క్రింది కాయల ప్రత్తిని వేరు బోరెములో ఉంచవలెను. ఒక బుట్టెడు మసిపట్టిన ప్రత్తి కలిసినచో బండెడు తెల్లప్రత్తి ధర పడిపోవును.

వచ్చు సంవత్సరపు విత్తనమును గూర్చి ఒక్క మాట. నూగు తక్కువ గల ఆకును తెల్లదోమ అంతగా కోరదు. కాని పచ్చదోమకు అట్టి నున్నని ఆకే ప్రియము. దోమకు తట్టుకొను రకములుగా కాంచన, ఎల్.కె. 861 ఒకప్పుడు మన రైతులకు అందినవి. నేటి విత్తనపు సంచిపై ఏమి వ్రాసియున్నను, రెండు దోమలకును సరిపడు ఆకు దొరకుట కష్టమని తెలిసికొని కొనుడు. పూత దశ దాటిన చేనికి యూరియా వేయకుడు. లేత చిగురు వేసినకొలది దోమకు విందు.

తీత ముగిసిన చేనిని నీరు పెట్టి మరల చిగిర్పింపరాదు. మిరపతోటలు ప్రక్కనే ఉన్నవి. ఆ తోటలలో బొబ్బర తెగులును, మినుములో పల్లాకు తెగులును మొక్కనుండి మొక్కకు చేర్చునది ఈ దోమయే. జనవరి నెల గడచుసరికి మోళ్ళు పెరికివేయుడు. గట్లపై తుత్తురబెండను ఉండనీయకుడు. పెరికిన కట్టెను మిరప గట్టున కుప్ప వేయక దూరముగా ఎండవేయవలెను. పెరుకుటకు ముందు మేకలను, గొర్రెలను తోలినచో ఆకు, పిందె తిని చేనిని శుభ్రపరచును. అయితే ఇటీవల మందు కొట్టిన చేనిలోనికి జీవాలను తోలరాదు. కాపరికి ఆ సంగతి ముందుగనే చెప్పవలయును.