తెరమీది తెలుగు – చదువరి సౌకర్యము

తెలుగులో వెబ్‌సైటును నిర్మింపబూనినవాడు మొట్టమొదట తెలుగు అక్షరపు నిలువెత్తును ఎరుగవలెను. ఆంగ్లాక్షరములు ఒక గీతపై బుద్ధిగా కూర్చుండును. తెలుగక్షరమునకు పైన తలకట్టో గుడియో, క్రింద వత్తో తరచుగా ఉండును. ‘రాష్ట్రము’ అను మాటలో ఒక్క ‘ష’కారమునకే రెండు వత్తులు. ఆంగ్లమునకు సరిపోయిన ఎడమునే తెలుగు పంక్తులకును ఉంచినచో పై పంక్తి వత్తు క్రింది పంక్తి గుడికి తగులును. చదువరి కన్ను అచ్చట చిక్కుకొనును. పంక్తికిని పంక్తికిని దూరము అక్షర పరిమాణమునకు ఒకటిన్నర రెట్లకు తగ్గకున్నచో ఈ పేచీ చాలవరకు తీరును. సీసపు అక్షరములు పేర్చిన పాతకాలపు కంపోజిటర్లకు ఇది తెలిసిన సంగతియే.

టిమ్ బెర్నర్స్‌లీ 1989లో ప్రతిపాదించిన వెబ్ 1991లో లోకమునకు అందుబాటులోనికి వచ్చినది. ఆ యేడే వెలువడిన యూనికోడు తొలి ప్రమాణమున తెలుగునకు 128 గదులు కేటాయింపబడినవి. స్థలము దొరికినంతమాత్రాన కాపురము కుదురలేదు. ఇంటింటి కంప్యూటరులో తెలుగు యూనికోడు కనబడుటకు 2001లో విండోస్ ఎక్స్‌పీయు, దానితో గౌతమి ఫాంటును రావలసివచ్చినవి. అంతదాక పెక్కు పత్రికలు తమతమ సొంత ఫాంటులు వాడుచుండెను. ఆ ఫాంటు లేని యింట పుట తెరచినచో అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు ప్రత్యక్షమగుచుండెను. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంటులు ఆ సంధికాలమున ఎందరికో అక్కరకు వచ్చినవి.

సంయుక్తాక్షరములతో మరియొక చిక్కు కలదు. ‘పాస్’, ‘వర్డు’ అను ముక్కలను ఊరకే కలిపినచో యంత్రము సకారమునకు వత్తు తగిలించి ‘పాస్వర్డు’ అని చూపును. నడుమ కంటికి కనబడని చిహ్నమొకటి చేర్చినగాని అది ‘పాస్‌వర్డు’ కాదు. ఈ చిహ్నమే 2018 ఫిబ్రవరిలో ఒక చోద్యము చేసినది. ‘జ్ఞ’కును దాని దీర్ఘమునకును నడుమ అది చేరిన సందేశము వచ్చినంతనే ఐఫోనులలో సందేశముల ఆప్‌లు కుప్పకూలెను. జ్ఞానమునకు ఆద్యక్షరమే యంత్రమునకు కొరుకుడుపడలేదు! ఆ నెలలోనే ఆపిల్ సంస్థ 11.2.6 సంఖ్యగల సవరణతో దానిని చక్కదిద్దినది.

ప్రకటనను ఫొటో తీసి పుటలో అతికించు అలవాటు ఇంతకంటె హానికరము. చూపులేని విద్యార్థికి తెరను చదివి వినిపించు సాఫ్ట్‌వేరు యూనికోడు పాఠమును చదువగలదు; బొమ్మలోని అక్షరములు దానికి సాధారణముగా బొమ్మయే. పరీక్ష తేదీ ఆ బొమ్మలోనే యున్నచో ఆ బాలుడేమి కావలెను? 2008 నాటి అంతర్జాతీయ మార్గదర్శకములు అక్షరమునకును నేపథ్యమునకును కాంతిభేదము కనీసము 4.5కు 1 పాళ్లలో ఉండవలెనన్నవి. బూడిదవన్నె అక్షరముల ముచ్చట ఆ లెక్కకు తరచు నిలువదు.

ఉపాధ్యాయులకు అనుభవములో నున్నది దరఖాస్తు పుట. అందు ‘మొదటి పేరు’, ‘చివరి పేరు’ అని రెండు గళ్లు. తెలుగువారికి ఇంటిపేరే మొదట వచ్చునుగదా! ఒక తండ్రి దానిని మొదటి గడిలో నింపును, మరియొకరు చివరి గడిలో. ఇంటిపేరునకు పొడి అక్షరమే వాడు పిల్ల ఆ ఒక్క అక్షరమే వ్రాసినచో, అది చాలదని గడి యెర్రబడవచ్చును. పదవ తరగతి పత్రములో ఒక తీరు, ఆధార్‌లో వేరొక తీరు పేరు పడిన పిల్లవాడు ఉపకారవేతనము కొరకు తిరుగు తిరుగుడు ఏ బడిపంతులుకు తెలియదు? ‘పూర్తి పేరు, ధ్రువపత్రములో ఉన్నట్లు’ అని ఒక్క గడి యుంచుటకు వ్యయమేమియు లేదు.

మాటల విషయమున పండితులకు సంస్కృత సమాసములపై మక్కువ మెండు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ‘మొదటి పేజీ’, ‘చర్చ’, ‘చరిత్ర’ అను తేలిక మాటలతోనే పని జరుపుకొనుచున్నది. ‘హోమ్’ను ఇల్లనియు గృహమనియు తర్జుమా చేయుటకంటె ఇది మేలు.

ఇక పరీక్ష. ఐదుగురు వాడుకరులతో చూచిన చాలునని జేకబ్ నీల్సన్ 2000లో వ్రాసెను. ఆ ఐదుగురిలో ఒకరు కళ్లజోడు సవరించుకొను విశ్రాంత ఉపాధ్యాయిని, ఒకడు తండ్రి ఫోను అడిగి తెచ్చుకొన్న తొమ్మిదవ తరగతి బాలుడు కావచ్చును. వారికి ఏమియు నేర్పరాదు. ‘అక్కడ కాదండీ, ఇక్కడ నొక్కండి’ అని నిర్మాత నోరు విప్పినంతనే పరీక్ష చెడును. వారి వ్రేలు ఎచ్చట తడబడి నిలుచునో కాగితముపై గుర్తుంచుకొని, ఆ చోటు దిద్ది, మరి ఐదుగురిని పిలువవలెను.