తెరపై బస్తర్: హిందీ, బెంగాలీ చిత్రాల్లో వినిపించే మాట, వినిపించని భాష

భోపాల్‌పట్నం: హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా సాగే 163వ నంబరు జాతీయ రహదారి గోదావరిని దాటి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాల్‌పట్నానికి చేరుతుంది. బీజాపూర్ జిల్లాలోని ఈ పట్టణానికి ఒక వైపు తెలంగాణ, ఇంద్రావతికి ఆవల మహారాష్ట్ర. కార్యాలయంలో, బడిలో హిందీ, బజారులో తెలుగు, చుట్టుపక్కల పల్లెల్లో గోండీ, దోర్లీ, బస్తర్ లోపలికి వెళ్లే కొద్దీ హల్బీ. ఒకే మనిషి ఒకే రోజులో మూడు భాషల్లో బతకడం ఈ సరిహద్దు ప్రాంతంలో సాధారణ విషయం.

బస్తర్ నేపథ్యంగా వచ్చిన హిందీ చిత్రాల్లో మాత్రం ఈ సందడి దాదాపు లేదు. తెరపై కనిపించేది అడవి, తుపాకీ. వినిపించేది హిందీ. ఈ ప్రాంతాన్ని ఎన్నడూ చూడని కోట్లాది మందికి బస్తర్‌ను పరిచయం చేసేది ఆ చిత్రాలే కనుక, అక్కడ ఎవరు ఏ భాషలో మాట్లాడుతున్నారన్న ప్రశ్నను చిన్నదిగా తీసివేయడానికి వీలులేదు.

ఈ ప్రశ్నను కథలోకే తెచ్చుకున్న చిత్రం ‘న్యూటన్’. అమిత్ వి. మసుర్కర్ దర్శకత్వంలో 2017 సెప్టెంబరులో విడుదలైంది. ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. ఆ ఏడాది ఆస్కార్‌కు భారతదేశం తరఫున వెళ్లింది. చిత్రీకరణ ఛత్తీస్‌గఢ్‌లోనే, దల్లీ రాజ్‌హరా ప్రాంతంలో జరిగింది. మావోయిస్టు ప్రభావిత అడవిలోని ఒక పల్లెలో 76 మంది ఓటర్ల కోసం ఎన్నికల అధికారి పోలింగు కేంద్రం తెరవడమే కథ. రాజ్‌కుమార్ రావు ఆ అధికారిగా, పంకజ్ త్రిపాఠీ భద్రతా దళాల అధికారిగా నటించారు.

పల్లె పేరు కొండనార్, కల్పితం. అయితే గోండీలో ‘నార్’ అంటే ఊరు. అది తెలుగు ‘నాడు’కు బంధువు. తెలుగు, గోండీ రెండూ ద్రావిడ భాషల్లో దక్షిణ మధ్య శాఖకు చెందినవి. వంశవృక్షంలో తెలుగుకు తమిళం కంటే గోండీయే దగ్గర. 2011 జనగణన ప్రకారం గోండీ మాతృభాషగా గలవారు సుమారు 29.8 లక్షలు. అయినా ఆ భాషకు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు.

చిత్రంలో అత్యంత బలమైన ఘట్టం ఓటర్లకు ఎన్నికలంటే ఏమిటో చెప్పే ప్రయత్నం. అధికారి హిందీలో పాఠం చెబుతాడు. స్థానిక ఉపాధ్యాయురాలు మల్కో మధ్యలో నిలిచి మాట చేరవేస్తుంది. ఢిల్లీకి తమ తరఫున ఎవరు వెళ్లాలంటే పల్లెవాసులు తమ పటేల్‌నే చూపిస్తారు. అభ్యర్థుల పేర్లు వారు విననైనా లేదు. నవ్వు పుట్టించే ఈ ఘట్టంలో అజ్ఞానం ఎవరిదన్నది దర్శకుడు తేల్చి చెప్పడు. చివరకు భద్రతాధికారి యంత్రాన్ని ఆటవస్తువులా పరిచయం చేసి, నచ్చిన బొమ్మపై నొక్కమంటాడు. అనువాదానికి ఓపిక లేని పాలన ఎలా ఉంటుందో ఆ ఒక్క మాట చెబుతుంది.

లోపమూ అక్కడే ఉంది. మల్కోను మినహాయిస్తే గోండు పాత్రలు గుంపుగానే మిగిలిపోయాయి. మల్కోగా నటించిన అంజలీ పాటిల్ మహారాష్ట్రకు చెందిన నటి. ‘నా బంగారు తల్లి’తో తెలుగు ప్రేక్షకులకు పరిచయమే. ఆమె నటనను తప్పుపట్టడానికి లేదు. కానీ ఆదివాసీల తరఫున మాట్లాడే ఏకైక గొంతు కూడా బయటినుంచే రావలసి వచ్చింది.

బెంగాలీ సినిమాకు ఇది పాత సమస్య. సత్యజిత్ రాయ్ ‘అరణ్యేర్ దిన్ రాత్రి’ (1970) పునరుద్ధరించిన ప్రతిని 2025 మే నెలలో కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు. కలకత్తా నుంచి పలామూ అడవికి వెళ్లిన నలుగురు యువకుల అహంకారాన్ని ఆ చిత్రం నిర్దాక్షిణ్యంగా బయటపెట్టింది. అదే చిత్రంలో సంతాల్ యువతి పాత్రకు సిమీ గరేవాల్ ఒంటికి నల్లరంగు పూశారు. నగరవాసి చూపును విమర్శించిన చిత్రమే ఆ చూపు నుంచి పూర్తిగా బయటపడలేకపోయింది.

ఇటీవలి బెంగాలీ చిత్రాల్లో ప్రసూన్ ఛటర్జీ ‘దోస్తోజీ’ (2022లో విడుదల) వేరే దారి పట్టింది. బాబ్రీ మసీదు కూల్చివేత అనంతర రోజుల్లో, బంగ్లాదేశ్ సరిహద్దున ముర్షిదాబాద్ పల్లెలో ఒక హిందూ బాలుడు, ఒక ముస్లిం బాలుడు చేసే స్నేహం ఇతివృత్తం. అంతకుముందు కెమెరా ముందు నిలవని పిల్లలే ప్రధాన పాత్రలు పోషించారు. వారు మాట్లాడేది కోల్‌కతా బెంగాలీ కాదు, తమ ఊరి బెంగాలీ. కథ అక్కడక్కడ మందగించినా, ఆ యాస వల్లే పల్లె మీద నమ్మకం కుదురుతుంది.

బెంగాల్‌కు, బస్తర్‌కు మరో బంధమూ ఉంది. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద తూర్పు పాకిస్తాన్ శరణార్థులు నేటి కాంకేర్ జిల్లాలోని పఖాంజూర్ ప్రాంతంలో స్థిరపడ్డారు. బెంగాలీ కూడా బస్తర్ భాషల్లో ఒకటైంది.

బెంగాల్‌కు చెందిన దర్శకుడు సుదీప్తో సేన్ హిందీలో తీసిన ‘బస్తర్: ది నక్సల్ స్టోరీ’ 2024 మార్చి 15న విడుదలైంది. ‘ది కేరళ స్టోరీ’కి 2025లో ఆయన ఉత్తమ దర్శకుడిగా జాతీయ పురస్కారానికి ఎంపికయ్యారు. ‘హార్ట్ ఎటాక్’ ద్వారా తెలుగువారికి తెలిసిన అదా శర్మ ఇందులో పోలీసు అధికారిణి. జాతీయ జెండా ఎగురవేసిన పల్లెవాసిని మావోయిస్టులు చంపడం, అతని భార్య ఆయుధం పట్టడం కథకు మూలం. అలాంటి హత్యలకు గురైన ఆదివాసీ కుటుంబాల దుఃఖం కల్పితం కాదు. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల వద్ద మరణించిన 76 మంది భద్రతా సిబ్బందీ కల్పితం కాదు. ఆ ఘటన చింతల్‌నార్ సమీపంలో జరిగింది. ఆ పేరులోనూ అదే ‘నార్’ వినిపిస్తుంది. ఆ వేదనను కేంద్రంలో నిలపడం చిత్రానికి దక్కవలసిన గౌరవం. కానీ పాత్రలు మనుషుల్లా సందేహించవు, వాదనలు వినిపిస్తాయి. హింసను ఎంత దగ్గరగా చూపిస్తే అంత నిజమన్న నమ్మకం చిత్రాన్ని బరువెక్కించింది.

2005లో ఈ ప్రాంతంలోనే మొదలైన సల్వా జుడుం కాలంలో, ఇరువైపుల హింస మధ్య నలిగిన వేలాది మంది ఊళ్లు విడిచి నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవులకు చేరారు. సల్వా జుడుంలో పాల్గొన్న గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడడాన్ని 2011 జులై 5న సుప్రీంకోర్టు తప్పుపట్టి, నిలిపివేయాలని ఆదేశించింది. అలా వలస వచ్చినవారిని తెలుగు నేలపై గుత్తికోయలని పిలుస్తున్నారు. ‘బస్తర్’ కథా కేంద్రంలో వారికి చోటు దక్కలేదు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగగా ఉన్నవారికి గోదావరి ఇవతల ఆ గుర్తింపు కోసం ఎదురుచూపులే మిగిలాయి. ఇంట్లో కోయ మాట్లాడే వారి పిల్లలు ఇప్పుడు తెలుగు అక్షరాలు దిద్దుకుంటున్నారు.