చేనుకు కావలి కాసే పురుగులు

పురుగు కనబడితే చాలు, రైతు చెయ్యి మందుడబ్బా మీదికే పోతుంది. మా ఇంట్లోనూ అంతే. తాండూరు దగ్గర మాకు కంది చేను ఉంది. కిందటేడు పూత ముందర కొమ్మల కొసలకు పేనుబంక పట్టింది. దాని పక్కనే బల్లిపిల్లల్లాంటి నల్లటి పురుగులు. "గిదేందిరా, ఇంకో రకం గూడ వచ్చింది! రేపే మందు కొట్టాలె" అన్నాడు నాయిన.

అవి అక్షింతల పురుగు పిల్లలు. ఎర్రటి పెద్ద పురుగును అందరం గుర్తుపడతాం, పిల్లను మాత్రం శత్రువనుకుంటాం. పిల్లా పెద్దా రెండూ పేనుబంకనే తింటాయి. 1888లో ఆస్ట్రేలియా నుంచి తెప్పించిన ఇలాంటి పురుగే కాలిఫోర్నియా నారింజ తోటలను పొలుసు పురుగు నుంచి కాపాడింది. వెంట్రుకంత సన్నని కాడల కొసన గుడ్లు పెట్టే అల్లికరెక్కల పురుగు, సాలీళ్లు కూడా మన పక్షమే.

"నాలుగు రోజులు ఆగు నాయినా" అన్నాను.

"పంట పోతే నీ సదువు బువ్వ పెడ్తదా?" అన్నాడు గానీ, ఆగాడు. వారంలో బంక తగ్గింది.

అయితే మిత్రపురుగులను అతిగా నమ్మడమూ తప్పే. శనగపచ్చ పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని నాశనం చేసే ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగ జొన్నలో బాగా పనిచేస్తుంది. కంది మీద ఉండే నూగు, జిగురు దానికి అడ్డం. అందుకే కందిలో కాయతొలుచు పురుగును ఆపడం కష్టం. మా చేనుకూ అది వచ్చింది. చెట్ల కింద పట్టా పరిచి దులిపాం, రాలిన పురుగులు కోళ్లకు పండుగైంది. అయినా ఒకసారి మందు కొట్టక తప్పలేదు. అంతకుముందు ఏడు మూడుసార్లు కొట్టాం.

మందు ఎక్కువైతే ఏమవుతుందో 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు చూశారు. కావలి పురుగులు చచ్చాయి. శనగపచ్చ పురుగేమో మందుకు లొంగడం మానేసింది. ఎందరో రైతులు అప్పుల్లో కూరుకుపోయి ప్రాణాలు తీసుకున్నారు.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు నిలబెట్టేది మనమే. మిత్రులారా, దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక పొద్దు చేనులో కూర్చోండి. ఏ పురుగు ఆకు తింటోందో, ఏది పురుగును తింటోందో చూసి, ఇంట్లో పెద్దలకు చెప్పండి. మనం చదివిన జంతుశాస్త్రానికి అంతకన్నా మంచి ప్రాక్టికల్ లేదు.