ఆటలో అరటిపండు కాదు!

చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడుతుంటే ఏ చంటిపిల్లో వచ్చి "నేనూ ఆడతా" అని రాగం తీస్తే మీరేం చేసేవారు? "సరే రావే, నువ్వు ఆటలో అరటిపండువి" అనేవారు కదూ! పాపం ఆ పిల్ల అందరితోపాటే పరిగెడుతుంది, అరుస్తుంది, మోకాళ్ళు కొట్టించుకుంటుంది. లెక్కలోకి మాత్రం రాదు.

ముప్ఫై రెండేళ్ళ వయసులో, ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీల్లో, కోట్లమంది చూస్తూండగా ఒక మనిషికి అదే గతి పట్టింది. అతని పేరు వికాష్ ధోరాసూ. ఫ్రాన్స్ దేశపు ఆటగాడు. కానీ ఆ కుటుంబం మూలాలు మన తెలుగునేలవి!

మా ఈపురుపాలెం, చీరాల వైపు పిల్లల చేతిలో బంతి ఉందంటే అది క్రికెట్ బంతే. ఫుట్‌బాల్ మనకి నాలుగేళ్ళకోసారి, అర్ధరాత్రి దాటాక మగవాళ్ళు టీవీ పెట్టి మన నిద్ర చెడగొట్టే వ్యవహారం. నేనూ అలా విసుక్కున్నదాన్నే. ఈ ధోరాసూ కథ తెలిశాక మాత్రం ఆ ఆటని కాస్త వేరే కన్నుతో చూడటం అలవాటైంది.

కోరంగి నుంచి బయల్దేరిన ఓడలు

కాకినాడ దగ్గర కోరంగి పేరు మీరు వినే ఉంటారు. ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1834 తరవాత మారిషస్ దీవిలో చెరకు తోటల పనికి మన దేశం నుంచి వేలాదిమందిని ఒప్పందం కూలీలుగా తీసుకుపోయారు. వాళ్ళలో మన కోస్తా జిల్లాల వాళ్ళూ ఉన్నారు. కోరంగి రేవు పేరుమీద అక్కడ తెలుగువాళ్ళని 'కొరింగాలు' అని పిలిచేవారట. ఏ ఊరివాడు, ఏ ఇంటివాడు అన్నది పోయి, రేవు పేరే ఇంటిపేరంత అయి కూర్చుంది!

అయినా వాళ్ళు అన్నీ వదులుకోలేదు. ఈనాటికీ అక్కడ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, రామభజన చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు. ఉగాది అక్కడ సర్కారు సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా మారిషస్‌లోనే. మన వంటల పేజీ చదివేవాళ్ళకి ఇంకో ముచ్చట చెప్పనా? టమాటాలు, ఉల్లిపాయ, మిరపకాయలు వేసి చేసే 'రుగాయ్' అనే కూర ఆ దీవిలో ఇంటింటా ఉంటుంది. ఆ పేరు మన దక్షిణాది 'ఊరగాయ'లోంచే వచ్చిందంటారు. మాట సముద్రం దాటింది, రుచి మారిపోయింది.

అలాంటి ఒక కుటుంబం మారిషస్ నుంచి మరో సముద్రం దాటి ఫ్రాన్స్ చేరింది. అక్కడ ల హావ్ర్ అనే ఓడరేవు నగరం పక్కనే ఆర్‌ఫ్లర్ అనే ఊళ్ళో 1973 అక్టోబరు 2న వికాష్ పుట్టాడు. అవును, గాంధీ జయంతి నాడే! కూలిపనులు చేసుకునేవాళ్ళుండే పేటలో, అపార్టుమెంట్ల మధ్య బంతి తంతూ పెరిగాడు. పొట్టి మనిషి. ఒంటి బలంతో నెట్టుకొచ్చే రకం కాదు, బుర్రతో ఆడే రకం. 1993లో సొంత ఊరి క్లబ్బు ల హావ్ర్ జట్టులోనే వృత్తి ఆటగాడయ్యాడు.

ఉగ్రాణం చూసే పిన్నిగారు

ఇక్కడ ఆట సంగతి కాస్త చెప్పాలి, విసుక్కోకండి. జట్టుకి పదకొండుమంది. ముందుండేవాళ్ళు గోల్ వేస్తారు, పేరు వాళ్ళది. వెనకుండేవాళ్ళు గోల్ పడకుండా కాస్తారు. మధ్యలో ఉండేవాళ్ళు మిడ్‌ఫీల్డర్లు. వాళ్ళలోనూ వెనకగా నిలబడి, ఎదుటివాళ్ళ దాడి మన గోల్‌దాకా రాకముందే తుంచేసే మనిషిని డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ అంటారు.

మన పెళ్ళిళ్ళలో ఉగ్రాణం గది తాళంచెవి బొడ్లో దోపుకుని తిరిగే పిన్నిగారు గుర్తొచ్చారా? నెయ్యి తగ్గిందా, రెండో పంక్తికి అప్పడాలు చాలతాయా, వంటవాడు పప్పులో నీళ్ళు పోస్తున్నాడా, అన్నీ ఆవిడే చూడాలి. ఫొటోల్లో మాత్రం ఆవిడ ఉండదు. అదీ ఆ స్థానం. ఫ్రాన్స్ జట్టుకి ఆ పిన్నిగారు క్లోడ్ మకెలెలే. ఆ పని ఎంత బాగా చేశాడంటే, ఆ స్థానాన్నే అతని పేరుతో పిలిచేవాళ్ళున్నారు. పక్కన పాట్రిక్ వియెరా. ఆజానుబాహువు.

ధోరాసూది వాళ్ళకి కాస్త ముందుండే చోటు. వెనకవాళ్ళు గుంజుకున్న బంతిని అందుకుని, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో చూసి ముందుకి చేర్చడం అతని పని. వంటింటికీ పంక్తికీ మధ్య తిరిగే మనిషన్నమాట.

ఆ పని అతను బాగానే చేశాడు. 1998లో లియాన్ క్లబ్బుకి వెళ్ళాడు. మధ్యలో ఒక ఏడాది బోర్డో క్లబ్బుకి అరువు వెళ్ళి, 2002లో అక్కడ లీగ్ కప్పు గెలిచాడు. తిరిగొచ్చి 2003, 2004లలో లియాన్‌తో వరసగా రెండుసార్లు ఫ్రాన్స్ లీగు విజేత అయ్యాడు. 2004లో ఇటలీలోని ఏసీ మిలాన్ పిలిచింది. అంతకన్నా పెద్ద క్లబ్బులు ప్రపంచంలో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కానీ అక్కడ అంతా మహామహులే. 2005 మేలో ఇస్తాంబుల్‌లో యూరప్ క్లబ్బుల ఫైనల్. మిలాన్ సగం ఆటకి 3-0తో ముందుండి, చివరికి లివర్‌పూల్ చేతిలో పెనాల్టీలతో ఓడిపోయింది. ధోరాసూ ఆ రాత్రంతా బల్లమీదే కూర్చున్నాడు.

ఒకే ఏడాది, మూడు ముఖాలు

2006 సంవత్సరం చూడండి. ఏప్రిల్ 29న ఫ్రెంచ్ కప్పు ఫైనల్. అప్పటికి పారిస్ క్లబ్బు పీఎస్‌జీకి ఆడుతున్నాడు. ఎదుటిది మార్సే. ఆ రెండు జట్లకీ ఉప్పూ నిప్పూ. ధోరాసూ దూరం నుంచి కొట్టిన గోల్‌తో పీఎస్‌జీ 2-1తో గెలిచింది. పారిస్‌లో ఆ రోజు అతను హీరో.

ప్రపంచకప్ జట్టులోనూ చోటొచ్చింది. రావాల్సిందే. ముందటేడు అర్హత పోటీల్లో ఆడాడు, సైప్రస్ మీద గోల్ కూడా వేశాడు. అంతా ఖాయమనుకుంటుండగా ఫ్రాంక్ రిబెరి అనే ఇరవైమూడేళ్ళ కుర్రాడు ఊడిపడ్డాడు. ఫ్రాన్స్ తరపున అతని మొదటి మ్యాచ్ మే 27న! మూడు వారాలు తిరక్కుండానే ప్రపంచకప్ మొదటి మ్యాచ్‌లో దిగిపోయాడు.

ధోరాసూ స్విట్జర్లాండ్ మీద చివర్లో కొద్ది నిమిషాలు, కొరియా మీద చివర్లో కొద్ది నిమిషాలు ఆడాడు. అంతే. మూడో మ్యాచ్‌కి జిదాన్ అంతటివాడు నిషేధం మీద బయట కూర్చున్నా ఇతనికి పిలుపు రాలేదు. బెర్లిన్‌లో ఇటలీతో ఫైనల్. వియెరాకి దెబ్బ తగిలింది. కోచ్ బల్లవైపు తిరిగాడు. పిలిచింది మరొకరిని, అలూ దియారా అనే మరో డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ని. కోచ్ దృష్టిలో అది సబబే కావచ్చు. ఉగ్రాణం పిన్నిగారికి జ్వరమొస్తే తాళాలు ఇంకో పిన్నిగారికే ఇస్తాం. కానీ బల్లమీది మనిషి గుండె ఆ లెక్కలు వింటుందా?

ఇక్కడే ఈ కథ మామూలు ఆటగాళ్ళ కథల్లోంచి పక్కకి తిరుగుతుంది. ప్రపంచకప్‌కి బయల్దేరేముందు ఫ్రెడ్ పూలే అనే మిత్రుడు ధోరాసూకి సూపర్ ఎయిట్ కెమేరా ఒకటి ఇచ్చాడు. పాతకాలపు చిన్న ఫిల్ము కెమేరా. ఒక్కో రీలూ మూడు నిమిషాలకి మించదు. ఆడితే ఏం తీసేవాడో కానీ, ఆడలేదు కనక ఖాళీ హోటలు గదినీ, కిటికీనీ, ఎదురుచూపునీ తీశాడు. దాన్ని ఇద్దరూ కలిసి 'సబ్‌స్టిట్యూట్' అనే సినిమా చేశారు. 2007లో బయటికొచ్చింది. జట్టు లోపలి సంగతులు బయటపెట్టాడని కొందరు కోప్పడ్డారు. నాకేమో, ఆటల సినిమా అంటే గెలిచినవాడి కథే అనుకునేదాన్ని, కూర్చున్నవాడి కథ కూడా ఎవరో ఒకరు చెప్పారే అనిపించింది.

ఇంటికొచ్చాకైనా ఊరట దొరికిందా? లేదు. పీఎస్‌జీలో కోచ్‌తో పడలేదు. రిజర్వు జట్టుకి పంపారు. ఆ బాధ పత్రికవాళ్ళతో దాచుకోకుండా చెప్పాడు. అక్టోబరులో క్లబ్బు ఉద్యోగంలోంచే తీసేసింది. ఏప్రిల్లో భుజాలమీద ఎక్కించుకున్న క్లబ్బే! నోరు కాస్త అదుపులో పెట్టుకుని ఉంటే మరో రెండేళ్ళు ఆడేవాడేమో. అలా అనుకుంటాం కానీ, నోరు మూసుకోవడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. 2007లో ఇటలీలో లివోర్నో క్లబ్బులో చేరి, ఒక్క లీగు మ్యాచ్ ఆడకుండానే బయటికొచ్చాడు. తరవాత కొద్దికాలానికే ఆట మానేశాడు. ఫ్రాన్స్ జట్టుకి మొత్తం ఆడింది 18 మ్యాచ్‌లు, వేసిన గోల్ ఒకటి. ఆ సైప్రస్ మీద వేసిందే.

ఆ తరవాత పేకాటలోకి దిగాడు. మన పెద్దవాళ్ళు వింటే చెవులు మూసుకుంటారు కానీ, పోకర్ పోటీల్లో డబ్బుపెట్టి ఆడే వృత్తి ఆటగాడయ్యాడు. ఇంకోపక్క, స్వలింగ సంపర్కులని మైదానంలో ఎగతాళి చేయడం మానాలని పోరాడే పారిస్ జట్టు ఒకదానికి అండగా నిలిచాడు. డబ్బు జబ్బు పట్టిన ఫుట్‌బాల్‌ని మళ్ళీ సరదా ఆట చేయాలని 'తాతాన్' అనే సంఘం పెట్టాడు. 2020లో పారిస్ నగరపాలక ఎన్నికల్లో కూలిజనం పక్షాన పోటీకి కూడా నిలబడ్డాడు.

ఈసారి ప్రపంచకప్ వచ్చినప్పుడు మీ ఇంట్లో టీవీ మోగుతుంటే, పాలగిన్నె దించి ఒక్క నిమిషం వచ్చి చూడండి. బంతి ఎక్కడుందో చూడకండి. మైదానం అంచున, పైన చొక్కా వేసుకుని, కాళ్ళు ఆడిస్తూ బల్లమీద కూర్చున్న వాళ్ళుంటారు. కెమేరా వాళ్ళమీదికి ఎప్పుడో ఒకసారి వస్తుంది, రెండు క్షణాలు.