రాత్రి అంటే ఎన్ని గంటలకు?

అర్ధరాత్రి ఒకటిన్నర. మా టెంటు పక్కనే, చేయి చాపితే అందేంత దూరంలో ఇంకో టెంటు. దాని ముందు పదిమంది కుర్రాళ్లు, బకెట్టంత స్పీకరు. పాట మారినప్పుడల్లా మా టెంటు గుడ్డ అదురుతోంది. అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. అప్పటికే రెండుసార్లు లేచి కూర్చుంది. "అడవి చప్పుడు వినిపిస్తానని తీసుకొచ్చావు కదే" అని మాత్రం అంది. పాప నా చేయి వదలడం లేదు.

మూసీ పుట్టిన అనంతగిరి కొండల అంచున ఉన్న రిసార్టు అది. పేరు రాయను, ఎందుకంటే ఇలాంటిది అదొక్కటే కాదు. సాయంత్రం లోపలికి వస్తూ రిసెప్షన్ దగ్గర బోర్డు చదివి నిశ్చింతపడ్డాను. "రాత్రి వేళ పెద్ద శబ్దాలు చేయరాదు. బయటి ఆహారం అనుమతించబడదు. చలిమంట సిబ్బంది సూచన మేరకే. అతిథులు సహకరించగలరు." పిల్లనీ పెద్దావిడనీ వెంటబెట్టుకుని వచ్చినదానికి అంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

చెప్పులు వేసుకుని వాచ్‌మన్‌ను వెతుక్కుంటూ వెళ్లాను. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాడు. యాభై దాటి ఉంటాయి. విషయం చెప్పబోతుంటే ఆయనే అందుకున్నాడు.

"నాకూ వినపడుతున్నది మేడమ్. ఒకసారి పోయి చెప్తే నవ్విండ్రు. రెండోసారి పోతే తిట్టిండ్రు. బోర్డు మీద టైం ఏడున్నదో చూపియ్యి అంటున్నరు."

నిజమే. బోర్డు మీద టైము లేదు. రాత్రి అంటే అమ్మకు తొమ్మిది గంటలు. ఆ కుర్రాళ్లకు మూడు కావచ్చు. "పెద్ద శబ్దం" అంటే ఎవరి చెవికి పెద్ద? ఆ నాలుగు వాక్యాలూ రాసినవారు గొడవ జరిగే క్షణాన్ని ఊహించుకుని రాయలేదు. గోడ మీద ఏదో ఒకటి ఉండాలని రాశారు.

పొద్దున మేనేజర్‌తో మాట్లాడాను. ఆ కుర్రాళ్లు తరచూ వచ్చేవాళ్లని, బుకింగ్ పెద్దదని, ఇంకోసారి మాకు చివరి టెంటు ఇస్తామని చెప్పాడు. నన్ను ఎక్కువ బాధపెట్టింది శబ్దం కాదు. గేటు దగ్గర మా సంచి తెరిపించి, షుగర్ ఉన్న అమ్మ కోసం తెచ్చుకున్న జొన్నరొట్టెల డబ్బా తీసి పక్కన పెట్టించారు. రూల్ కదా అని మేమూ ఇచ్చేశాం. రాత్రి పక్క టెంటు వాళ్లు కారు డిక్కీలోంచి బిర్యానీ పార్శిళ్లు దించుతుంటే ఎవరూ ఆపలేదు. మాట వినేవాళ్లకు ఆ బోర్డు చట్టం. వినని వాళ్లకు అది గోడకు కొట్టిన రేకు. ఇలాంటి చోట నియమం పాటించినవాడు రొట్టెలూ నిద్రా రెండూ పోగొట్టుకుంటాడు. అతను మళ్లీ వచ్చేటప్పుడు పాటించడు. ఒక చోటు పాడయ్యేది ఇలాగే.

పొలమా, హోటలా?

పదేళ్ల కిందటి వరకు టెంటులో రాత్రి గడపడమంటే కొండలెక్కేవాళ్ల వ్యవహారం. ఇప్పుడు వికారాబాద్ చుట్టూ, గండికోటలో పెన్నా లోయ ఒడ్డున, మబ్బుల సముద్రం చూపించే వంజంగి దారిలో, లంబసింగి చలిలో, శని ఆదివారాలు గుడారాల మీదే నడుస్తున్నాయి. హోటల్ కట్టాలంటే ప్లాను, ఫైర్ సర్టిఫికెట్, కోట్ల పెట్టుబడి. టెంటుకు చదును చేసిన జాగా, నాలుగు మేకులు చాలు. ఎకరం పొలంలో పది టెంట్లు వేస్తే అది పొలమా, ఫామ్‌హౌసా, హోటలా? పంచాయతీ, రెవెన్యూ, పర్యాటక శాఖ, పక్కన రిజర్వు ఫారెస్టు ఉంటే అటవీ శాఖ, ఎవరికి వారు అది అవతలివాళ్ల పని అనుకోవడానికి వీలున్న చోటు ఇది. టెంటు వసతికి కేంద్ర పర్యాటక శాఖ మార్గదర్శకాలు ఉన్నాయి. కానీ ఆ గుర్తింపు తీసుకోవడమూ మానడమూ యజమాని ఇష్టం.

అలాగని చట్టం మౌనంగా లేదు. శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి. వాటి ప్రకారం రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. అంతే స్పష్టంగా రాసి ఉంది. నివాస ప్రాంతాల్లో ఆ వేళ శబ్దం 45 డెసిబెల్స్ మించకూడదు. ప్రైవేటు స్థలంలో సొంత స్పీకరు పెట్టుకున్నా, దాని మోత సరిహద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితిని 5 డెసిబెల్స్ కంటే ఎక్కువ దాటకూడదు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలైతే, లైసెన్సు లేని చోట వంద మందికి మించి పోగయ్యే కార్యక్రమం పెడితే మూడు పని దినాల ముందే స్థానిక సంస్థకు చెప్పాలన్నాయి. చెత్త వేరు చేసి అప్పగించే బాధ్యత నిర్వాహకుడిదే అన్నాయి. డిసెంబర్ 31 రాత్రి ఈ టెంట్ల దగ్గర ఎంతమంది చేరతారో వెళ్లినవాళ్లకు తెలుసు.

అంటే "రాత్రి" అన్న మాట పక్కన "10" అని రాయడానికి మా రిసార్టు యజమాని కొత్తగా ఆలోచించాల్సిన పని కూడా లేదు. దేశం ఆ పని చేసిపెట్టి పాతికేళ్లయింది.

రాయని చోట ప్రాణం పోతుంది

శబ్దం ఒక రాత్రి నిద్రతో పోతుంది. నిప్పు అలా కాదు. చలిమంట "సిబ్బంది సూచన మేరకే" అన్నారు. ఆ సిబ్బంది అంటే కుర్చీలో కూర్చున్న ఆ వాచ్‌మనే. ఫిబ్రవరి నుంచి మే దాకా మన ఆకురాల్చే అడవుల్లో నేల మీద ఎండుటాకు పరుచుకుని ఉంటుంది. నెగడు ఎక్కడ వేయాలి, ఎన్నింటికి ఆర్పాలి, ఆర్పడానికి నీళ్ల డ్రమ్ము ఎక్కడుంది అన్నది బోర్డు మీద లేదు. ఇంకో ప్రమాదమూ ఉంది. చలికి తట్టుకోలేక మిగిలిన బొగ్గు నిప్పులను ఇనుప తట్టలో వేసి టెంటు లోపల పెట్టుకుని జిప్పు వేసుకుంటారు. ఆ నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. ఈ ఒక్క మాట ప్రతి టెంటు జిప్పు పక్కన ఎర్రక్షరాల్లో ఉండాలి. నేను దిగిన ఏ టెంటులోనూ చూడలేదు.

2021 జనవరిలో కేరళలోని వయనాడ్ జిల్లా మేప్పాడి దగ్గర, రిసార్టు టెంటులో బస చేసిన ఒక యువతిని రాత్రి ఏనుగు చంపింది. అక్కడ టెంట్లు వేయడానికి అనుమతే లేదన్న సంగతి ఆ తర్వాత బయటికొచ్చింది. ఆ రిసార్టును మూయించారు. ఆ అమ్మాయికి మాత్రం ఆ మూత వల్ల ఒరిగిందేమీ లేదు.

మన గోదావరి గాయం ఇంకా పచ్చిగానే ఉంది. 2019 సెప్టెంబర్ 15న, నది 5 లక్షల క్యూసెక్కుల వరదతో పోటెత్తుతున్న రోజున, పాపికొండలు చూడాలని బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో ఉన్న 77 మందిలో బతికింది 26 మంది. కొల్లూరు ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెల్లో రాత్రి గడిపి రావాలని మనలో ఎందరం ఆ దారిలో వెళ్లలేదు? వరదలో బోటు వదలకూడదన్నది అందరికీ తెలిసిన మాటే. ఆ ఉదయం రేవులో నిలబడి ఆపే మనిషి లేకపోయాడు. తర్వాతే బోటింగ్ పాయింట్ల దగ్గర కంట్రోల్ రూములు వచ్చాయి.

మన్ననూరు గేటు

ఇలాంటివి మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరు "మన జనం ఇంతే, చెప్పినా వినరు" అంటారు. నేను ఒప్పుకోను. కారులో శ్రీశైలం వెళ్లిన ప్రతి తెలంగాణ కుటుంబం నా సాక్షి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మీదుగా వెళ్లే ఆ దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9కి మూస్తారు, ఉదయం 6కు తీస్తారు. మధ్యాహ్నం ఇంట్లో బయల్దేరేటప్పుడే లెక్క మొదలవుతుంది. "కల్వకుర్తిలో టీ వద్దు, తొమ్మిదిలోపు గేటు దాటాలి." ఆలస్యమైతే ఎంత పెద్ద కారైనా ఆగి తెల్లవారే దాకా ఉండాల్సిందే. దాని మీద జనం అలిగి అల్లరి చేయడం నేను చూడలేదు. ఆ నియమానికి గడియారం ఉంది, కర్ర అడ్డం ఉంది, ఆ కర్ర పట్టుకునే మనిషి వెనుక ప్రభుత్వం ఉంది. రాత్రి పూట జంతువులు రోడ్డు దాటుతాయన్న కారణమూ అందరికీ తెలుసు.

తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసా వద్దన్నప్పుడూ ఇదే జరిగింది. వద్దని ఊరుకోలేదు. గాజు సీసాలో నీళ్లు అమ్మారు, సీసా తిరిగిస్తే డిపాజిట్ వెనక్కిచ్చారు. కాదన్న చోట ఏది ఔనో చూపించారు. టెంట్ల చుట్టూ పొద్దున్నే దొర్లే బీరు సీసాలను చూసినప్పుడల్లా నాకు ఆ గాజు సీసాలే గుర్తొస్తాయి.

అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు ఒకసారి కాలిఫోర్నియాలోని యోసెమిటీలో క్యాంపింగ్‌కు వెళ్లినప్పటి సంగతి చెప్పింది. ఒక్కో సైటులో పిల్లలతో కలిపి ఆరుగురే ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్దం. వేసవి నెలల్లో మంట సాయంత్రం 5 నుంచి 10 వరకే. తినే వస్తువులన్నీ ఇనుప పెట్టెలో పెట్టి గొళ్లెం వేయాలి. లేదంటే ఎలుగుబంటి వస్తుంది, జరిమానా 5 వేల డాలర్ల దాకా పడొచ్చు. "మాగాయ సీసా కూడా ఆ పెట్టెలోనే పెట్టామక్కా, రేంజర్ టార్చి పట్టుకుని వచ్చి చూసి వెళ్లాడు" అంది. తనూ, తన స్నేహితులూ ఇక్కడి కాలేజీ రోజుల్లో ఏ టెంటు పక్కన ఎంత గోల చేశారో నాకు తెలుసు. మనుషులు వాళ్లే.

అంత దూరం పోనక్కర్లేదు. మారేడుమిల్లి దగ్గర వలమూరులో జంగిల్ స్టార్ క్యాంపును అటవీ శాఖ తోడుగా వన సంరక్షణ సమితి నడుపుతోంది. నల్లమలలో బైర్లూటి, పచ్చర్ల జంగిల్ క్యాంపుల్లో చెంచులు పనిచేస్తున్నారు. ఆ అడవిలో పుట్టి పెరిగినవాళ్లు "ఇక్కడ మంట వద్దు" అంటే ఆ మాటకు ఉండే బరువు వేరు. నైటు డ్యూటీకి కుదుర్చుకున్న మనిషికి ఆ బరువు ఎవరిస్తారు? యజమానే ఇవ్వాలి. ఒకే ఒక్కసారి, అందరూ చూస్తుండగా, పెద్ద బుకింగ్ వాళ్లనైనా సరే డబ్బులు వెనక్కిచ్చి పంపించేస్తే చాలు. ఆ రాత్రి నుంచి ఆ వాచ్‌మన్ మాటకు విలువ వస్తుంది.

డబ్బు కట్టేటప్పుడే, ఫోనుకు వచ్చే మెసేజ్‌లోనే నియమాలు రావాలి. గేటు దగ్గరికి వచ్చాక రొట్టెల డబ్బా లాక్కోవడం కాదు. కుటుంబాలకు ఒక వైపు, పార్టీలకు వచ్చేవాళ్లకు ఇంకో వైపు టెంట్లు వేస్తే సగం గొడవ మొదలే కాదు. బాత్రూముకు వెళ్లే దారిలో రాత్రంతా లైటు ఉండాలి. ఆడవాళ్లం అడిగే మొదటి విషయం అదే. బోర్డుల మీద చివరిగా కనిపించేదీ అదే.

తిరిగి వచ్చేటప్పుడు ఆ వాచ్‌మన్ ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు. పన్నెండు గంటల డ్యూటీ, ఇంకో అరగంట ఉందట. చేతిలో గోనెసంచి, అందులో రాత్రి కుర్రాళ్లు వదిలేసిన సీసాలు. పత్రికకు రాస్తానని చెప్పి, మీకేం కావాలి అని అడిగాను. జీతం పెంచమని అంటాడనుకున్నాను. ఆయన బోర్డు వైపు చూశాడు.

"ఆడ పది గంటలని రాయించుండ్రి మేడమ్. నేను మాట్లాడ, పోయి నా గడియారం చూపిస్త."

సంచి కింద పెట్టి గేటు తీశాడు.